ప్రాయోజిత పరిశోధన ఒప్పందాలు: సంతకానికి ముందు చూడవలసిన షరతులు

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు పరిశోధన నిధులు పలు మార్గాలలో అందుతున్నాయి. రాష్ట్ర ప్రభుత్వ కేటాయింపులు, భారత వ్యవసాయ పరిశోధన మండలి నిర్వహించే అఖిల భారత సమన్వయ పరిశోధన పథకాలు చిరకాలంగా ఉన్నవే. కేంద్ర శాస్త్ర సాంకేతిక, బయోటెక్నాలజీ విభాగాలు పోటీ పద్ధతిలో మంజూరు చేసే ప్రాజెక్టులు మరొక మార్గం. విత్తన, ఎరువుల, సస్యరక్షణ మందుల కంపెనీలు తమ ఉత్పత్తులను పరీక్షించడానికి చెల్లించే రుసుములు ఇంకొకటి. ప్రాజెక్టు ప్రతిపాదన రాయడానికి నెలల తరబడి శ్రమించే శాస్త్రవేత్త, మంజూరైన తరువాత వచ్చే ఒప్పంద పత్రంలో సాధారణంగా మొత్తాన్ని, కాలపరిమితిని మాత్రమే చూస్తారు. మిగిలిన పుటలు లెక్కల విభాగానికి సంబంధించినవన్న భావన ఉంది. పరిశోధన ఫలితం ఎవరిది, దానిని ఎవరికి ఎప్పుడు చెప్పవచ్చు, ప్రయోగం ఆగిపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు సమాధానం ఆ పుటలలోనే ఉంటుంది.

ముందుగా గ్రాంటుకు, కాంట్రాక్టు పరిశోధనకు గల తేడాను గుర్తించాలి. గ్రాంటు ఇచ్చే సంస్థ ఒక ప్రయోజనాన్ని ఆశించి సహాయం చేస్తుంది. ఫలితం తనకే చెందాలని సాధారణంగా కోరదు. కాంట్రాక్టులో ఒక సేవను రుసుముకు కొనుగోలు చేస్తారు. నివేదికను కొన్న వస్తువుగానే కంపెనీ చూస్తుంది. ఈ తేడా పన్నులోనూ ఉంది. చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు గ్రాంటు రూపంలో పొందే పరిశోధన నిధులకు 2024 అక్టోబరు 10 నుంచి వస్తు సేవల పన్ను మినహాయింపు లభించింది. కంపెనీ ఇచ్చే పరీక్షా రుసుమును ఈ మినహాయింపు కిందికి వచ్చేదిగా భావించరాదు. కనుక ఒప్పందంలో పేర్కొన్న మొత్తం పన్నుతో కలిపినదా, పన్నుకు అదనమా అన్నది రాసుకోకపోతే ఆ భారం విశ్వవిద్యాలయంపైనే పడవచ్చు.

ప్రభుత్వ గ్రాంట్ల షరతులు చాలావరకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి నుంచి వచ్చినవి. వాటిపై బేరమాడే అవకాశం తక్కువ. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల లోపు వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. నిధిపై వచ్చిన వడ్డీని కేంద్ర సంచిత నిధికి జమ చేయాలి. దానిని ప్రాజెక్టు ఖర్చులకు వాడరాదు. గ్రాంటుతో కొన్న పరికరాలను మంజూరు చేసిన సంస్థ అనుమతి లేకుండా విక్రయించరాదు. మేధో సంపత్తి విషయంలో మాత్రం ప్రభుత్వ విధానం ఉదారమైనది. శాస్త్ర సాంకేతిక విభాగం 2000 మార్చిలో ఇచ్చిన సూచనల ప్రకారం హక్కులు పరిశోధన జరిపిన సంస్థకే చెందుతాయి. తన అవసరాలకు రాయల్టీ లేకుండా వాడుకొనే హక్కును ప్రభుత్వం అట్టిపెట్టుకొంటుంది. ఆదాయంలో పరిశోధకుల వాటా మూడింట ఒక వంతుకు మించరాదని కూడా అందులో ఉంది.

జాగ్రత్తగా చదవవలసినవి కంపెనీలతో కుదిరే ఒప్పందాలు. అందులోనూ గోప్యత, ప్రచురణలకు సంబంధించిన షరతులు అత్యంత ముఖ్యమైనవని ఈ రచయిత అభిప్రాయం. మేధో సంపత్తి గురించి చర్చలు ఎక్కువగా జరుగుతాయి గాని, అధికభాగం క్షేత్ర పరీక్షలలో పేటెంటు పొందదగిన ఆవిష్కరణ ఏదీ ఉండదు. మన పేటెంటు చట్టంలోని మూడవ సెక్షను వ్యవసాయ, ఉద్యాన పద్ధతులను, మొక్కలను, విత్తనాలను, రకాలను పేటెంటు పరిధి నుంచి మినహాయించింది. క్షేత్ర పరీక్షలలో నిజంగా విలువైనది సమాచారం.

ఒక కొత్త పురుగుమందును వరి పైరుపై రెండు కాలాలు పరీక్షించమని ఒక కంపెనీ కోరిందని అనుకుందాం. 1968 క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్ట్రేషను పొందడానికి జీవ సామర్థ్య సమాచారం అవసరం కనుక ఇటువంటి పరీక్షలు సర్వసాధారణం. ఒప్పందంలో ‘ఈ పరిశోధన వలన లభించే సమస్త సమాచారం కంపెనీ సొత్తు, కంపెనీ లిఖితపూర్వక అనుమతి లేకుండా దానిని మూడవ పక్షానికి తెలుపరాదు’ అన్న వాక్యం ఉంటుంది. మందు బాగా పనిచేస్తే ఈ వాక్యంతో ఇబ్బంది లేదు. కంపెనీయే ప్రచారం చేసుకొంటుంది. సిఫార్సు చేసిన మోతాదులో సుడిదోమ అదుపు కాలేదని, లేదా మిత్ర పురుగులు నశించి దోమ ఉధృతి పెరిగిందని తేలితే ఆ వాక్యమే అడ్డుగోడ అవుతుంది. అదే మందు ఇతర పరీక్షల ఆధారంగా మార్కెట్లోకి రావచ్చు. కృషి విజ్ఞాన కేంద్రానికి వచ్చి ‘అయ్యా, ఈ మందు కొట్టమంటారా?’ అని అడిగిన రైతుకు విస్తరణ శాస్త్రవేత్త ఏమి చెప్పాలి? ఆ వాక్యం ప్రకారం ‘మూడవ పక్షం’ అంటే ఆ రైతే. వ్యవసాయ పంచాంగంలో సిఫార్సులు రాసే శాస్త్రవేత్తలు కూడా మూడవ పక్షమే కావచ్చు.

కంపెనీల వాదనలో న్యాయం లేకపోలేదు. రిజిస్ట్రేషనుకు ముందే సమాచారం వెల్లడైతే పోటీదారులు లాభపడతారు. పేటెంటు దరఖాస్తుకు ముందు ప్రచురణ జరిగితే కొత్తదనం పోతుంది; శాస్త్ర సంఘాలలో చదివిన పత్రాలకు చట్టం పన్నెండు నెలల వెసులుబాటు ఇచ్చినా అది పరిమితమైనది, ఇతర దేశాలలో చెల్లకపోవచ్చు. కాబట్టి ప్రచురణకు ముందు వ్యాసాన్ని చూపమని కోరడం సమంజసమే. కాని చూపడం వేరు, అనుమతి పొందడం వేరు. పరిశీలనకు ముప్పై నుంచి అరవై రోజులు, పేటెంటు దరఖాస్తు అవసరమైతే మరొక అరవై లేదా తొంభై రోజులు ఇచ్చి, ఆ గడువులో జవాబు రాకపోతే ప్రచురించవచ్చునని రాసుకోవడం మంచిది. కంపెనీ తొలగించమని కోరదగినది తాను అందించిన రహస్య సమాచారాన్ని మాత్రమే. మన మళ్లలో లెక్కించిన పురుగుల సంఖ్యను, తూచిన దిగుబడిని కాదు.

దీనికి తోడు ఒక మినహాయింపును విడిగా రాయించాలి. మానవ, పశు ఆరోగ్యానికి, పంటకు, పర్యావరణానికి హాని కలిగించే ఫలితం కనిపించినప్పుడు, కంపెనీకి నోటీసు ఇచ్చి, నియంత్రణ సంస్థకు, వ్యవసాయ శాఖకు తెలిపే హక్కు విశ్వవిద్యాలయానికి ఉంటుందన్నదే ఆ మినహాయింపు. ఇటువంటి షరతు లేకపోయినా, ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదన్న 1872 కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షను ఆధారంగా వాదించవచ్చు. ఆ వాదన తేలేసరికి ఎన్ని పంటకాలాలు గడుస్తాయో చెప్పలేము. ఒక్క వాక్యం ముందే చేర్పించడం సులభం.

విద్యార్థుల సంగతి తరచు మరుగున పడుతుంది. ప్రాయోజిత పరీక్షలోని గణాంకాలతో స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత గ్రంథం రాస్తున్నట్లయితే, గ్రంథ సమర్పణ, మౌఖిక పరీక్ష, గ్రంథాలయంలో ప్రతి ఉంచడం గోప్యత షరతు పరిధిలోకి రావని స్పష్టంగా ఉండాలి. లేనిపక్షంలో ఆ అంశాన్ని విద్యార్థికి ఇవ్వకపోవడమే మేలు.

ఇక జన్యు పదార్థం. బీటీ వంకాయ వ్యవహారం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 2005లో కుదిరిన ఒప్పందాల కింద మహికో సంస్థ అందించిన క్రై1ఏసీ జన్యువును ధార్వాడ వ్యవసాయ శాస్త్రాల విశ్వవిద్యాలయం, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం స్థానిక వంకాయ రకాలలో ప్రవేశపెట్టే కృషి చేపట్టాయి. 2010 ఫిబ్రవరిలో కేంద్రం బీటీ వంకాయ సాగుపై తాత్కాలిక నిషేధం విధించింది. స్థానిక రకాలను అనుమతులు లేకుండా వాడారన్న ఫిర్యాదుపై 2011లో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ చట్టపరమైన చర్యకు నిర్ణయించింది. ఆరోపణల తప్పొప్పులు ఈ వ్యాస పరిధిలోనివి కావు. ఇటువంటి ఒప్పందాలలో ఇచ్చే జన్యువు గురించి వివరంగా రాసుకొంటారు. దానిని చేర్చే దేశీ రకం గురించి, దానికి ఎవరు ఏ అనుమతి తెచ్చుకోవాలన్న దాని గురించి కూడా అంత వివరంగానూ రాసుకోవాలి.

మన ప్రాంతంలో సాంబ మసూరి మరొక ఉదాహరణ. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204 రకంలోకి హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎండాకు తెగులును తట్టుకొనే మూడు జన్యువులను చేర్చి మెరుగైన సాంబ మసూరిని రూపొందించారు. ఇవన్నీ ప్రభుత్వ సంస్థలే. అటువంటి పనిలో ఒక పక్షం ప్రైవేటు కంపెనీ అయినప్పుడు మూల రకం ఎవరిది, కొత్త రకంపై హక్కు ఎవరిది, బ్రీడరు విత్తనాన్ని ఎవరు ఉత్పత్తి చేస్తారు అన్నవి పనికి ముందే తేల్చుకోవలసినవి. రైతు విత్తనాన్ని దాచుకొనే, మార్చుకొనే హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలోని 39వ సెక్షను కాపాడుతున్నది. దానికి విరుద్ధమైన నియమాన్ని రైతులకు విత్తనంతో పాటు అంటగట్టడానికి విశ్వవిద్యాలయం అంగీకరించరాదు.

చెల్లింపుల పట్టికను పంటకాలంతో సరిచూసుకోవడం చిన్న విషయంగా కనిపించవచ్చు. ఖరీఫ్ పరీక్షకు మొదటి వాయిదా నారుమడికి ముందే అందాలి. నవంబరులో అందిన నిధితో ఖరీఫ్ పరీక్ష వేయలేము. వానలు లేక ప్రయోగం దెబ్బతింటే ఆ కాలానికి చెల్లింపు ఉంటుందా, మరుసటి ఖరీఫ్‌లో పునరావృతానికి నిధులు ఎవరివి అన్నవి రాసి ఉండాలి. కంపెనీ మధ్యలో వైదొలగితే అప్పటికే నియమితులైన పరిశోధన సహాయకుల జీతాలు, రైతుల పొలాల కౌలు వంటి రద్దు చేయలేని ఖర్చులను చెల్లించాలన్న షరతు కూడా అవసరమే. రైతు పొలంలో జరిపే పరీక్షలో పంట నష్టపోతే పరిహారం చెల్లించే బాధ్యత కంపెనీపై ఉండాలి; ఆ బాధ్యత రుసుము మొత్తానికి పరిమితమని రాసి ఉంటే దానిని అంగీకరించరాదు. ఒప్పందం ముగిసిన తరువాత మిగిలిన విత్తనాన్ని తిప్పి పంపాలా, సాక్షుల సమక్షంలో నాశనం చేయాలా అన్నది, క్షేత్ర పుస్తకాల మూల ప్రతులు విభాగంలోనే ఉంటాయన్నది చివరి పుటలో చూసుకోవలసిన రెండు వాక్యాలు.