బెత్తెడెత్తున పరుగు

టోక్యో నుండి ఒసాకా వరకు 1964 అక్టోబరు 1వ తేదీన పరుగిడ నారంభించిన తోకైడో షింకాన్‌సెన్ రైలుమార్గమును నిర్మించినది జపాను ప్రభుత్వ రైల్వే. అందులకు ప్రపంచబ్యాంకు సైతము 8 కోట్ల డాలర్లు అప్పిచ్చినది. 1987లో ఆ రైల్వేను విభజించి ప్రైవేటుపరము గావించినప్పుడు ఈ మార్గము జె.ఆర్. సెంట్రల్ అను కంపెనీ పాలయ్యెను. నలువదేండ్లు దాటిన ఈ దారి మరమ్మతునకు మూతపడినను, తీరప్రాంతమున భూకంపము సంభవించి దెబ్బతినినను ప్రత్యామ్నాయము లేదని తలంచి, ఆ కంపెనీ టోక్యోలోని షినగావా నుండి నగోయాకు, పర్వతముల నడుమగా 286 కిలోమీటర్ల క్రొత్త మార్గమును సొంత వ్యయముతో వేసెదనని 2007లో ప్రకటించినది. దానిపేరు చువో షింకాన్‌సెన్. ప్రయాణకాలము 40 నిమిషములు.

ఇంత వేగమునకు చక్రము పనికిరాదా యన్నచో, బొత్తిగా పనికిరాదనుట సరికాదు. 2007లోనే ఫ్రాన్సు దేశపు రైలొకటి ఉక్కు చక్రములతోనే గంటకు 574.8 కిలోమీటర్ల వేగమందుకొన్నది. అయినను అది ఒకనాటి పరీక్ష. నిత్యము అట్లు నడుపుట వేరు. వేగము హెచ్చినకొలదియు గాలి యడ్డగింత వేగవర్గానుపాతమున పెరుగును. ఉక్కుపై ఉక్కునకు గల పట్టు మాత్రము తరుగును. కావున జపాను ఇంజనీర్లు చక్రమునే విడిచిరి.

ఈ రైలునకు పట్టాలు లేవు. ఇరువైపుల గోడలు గల తొట్టివంటి దారి కలదు. పెట్టెల ప్రక్కలనున్న నియోబియం-టైటానియం మిశ్రమలోహపు తీగచుట్టలను ద్రవ హీలియముతో సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లబరచినచో వాని విద్యున్నిరోధము మాయమై, ఒకసారి ప్రవేశపెట్టిన విద్యుత్తు తరుగక తిరుగుచునే యుండును. అదియే మహాశక్తిగల అయస్కాంతము. గోడలలో 8 అంకె ఆకారమున చుట్టిన తీగలు కలవు. అయస్కాంతము ఆ అంకె నడిమి భాగమునకు కొంచెము దిగువగా వేగముగా సాగిపోవునప్పుడు తీగలలో విద్యుత్తు ప్రేరితమై, క్రింది చుట్ట పైకి నెట్టును, పై చుట్ట లాగును. రైలు దారిపై సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తున, అనగా మన బెత్తెడెత్తున, తేలును. తేల్చుటకు బయటినుండి కరెంటు ఈయనక్కరలేదు; అందులకు వేగమే మూలము. అందుచేతనే నిలిచియున్నప్పుడు రైలు తేలనేరదు. గంటకు సుమారు 150 కిలోమీటర్ల వరకు రబ్బరు చక్రములపై, విమానమువలెనే, పరుగిడవలసినదే. ముందునకు నడుపు మోటారును రైలు మోయదు. గోడలలోని వేరు చుట్టలకు కరెంటు పంపుచు నేలయే దానిని ఈడ్చును. 2015 ఏప్రిల్ 21న యమనాషిలోని పరీక్షామార్గమున ఇట్టి రైలు 603 కిలోమీటర్ల వేగమందుకొన్నది.

ధనము సంగతి వేరు. నగోయా వరకు 5.5 లక్షల కోట్ల యెన్‌లు చాలుననుకొన్న అంచనా 2021లో 7 లక్షల కోట్లు దాటినది. 2016లో ప్రభుత్వము 3 లక్షల కోట్ల యెన్‌ల దీర్ఘకాలిక ఋణమును స్వల్ప వడ్డీపై సమకూర్చుటకు పూనుకొన్నది. ఋణము దానము కాదు, నిజమే. అయినను సొంత ధనమను మాటను కొంత సవరించి వినవలెను. ఆ సొంత ధనము ప్రధానముగా పాత షింకాన్‌సెన్ టిక్కెట్ల రాబడి. ఆ పాతదానికి పునాది వేసినది ప్రభుత్వమే.

ధనముకంటె మొండిది నీరు. మార్గమున అధికభాగము సొరంగములే. దక్షిణ ఆల్ప్స్ పర్వతముల క్రింది సొరంగము 25 కిలోమీటర్లు. అందు 8.9 కిలోమీటర్లు షిజువోకా రాష్ట్రముననున్నవి. ఆ రాష్ట్రమునకు ఈ మార్గమున స్టేషనొక్కటియు లేదు. తేయాకు తోటలకు, జనుల దప్పికకు ఆధారమైన ఓయి నది మాత్రము ఆ కొండలనుండియే దిగును. కొండ తొలిచినచో ఊటలు సొరంగములోనికి జారి నది తరుగునని రాష్ట్రము అంగీకారమీయదయ్యెను. మొదట తలపెట్టినట్లు 2027లో రైలు నడుపుట సాధ్యము కాదని 2024 మార్చిలో కంపెనీ ఒప్పుకొన్నది. ఊరిన నీటిని నదికి తిరిగి పంపెదమన్నను, తవ్వకము సాగునంతకాలము కొండ యావలి యమనాషి వైపునకు జారిపోవు నీటి మాటేమి? అందులకు ప్రతిగా, ఎగువనున్న తాషిరో ఆనకట్టవద్ద జలవిద్యుత్తునకై తీయు నీటిని ఆ మేరకు తగ్గించి నదికే విడుచు ఉపాయము ఆలోచించిరి.