సంఘంలో చెప్పే లెక్క, ఇంట్లో చెప్పని లెక్క



మన ఊళ్లో ఎవరినైనా "నెలకు ఎంత వస్తుందండీ?" అని అడిగి చూడండి. "ఏదో, దేవుడి దయవల్ల జరిగిపోతోంది" అంటారు. నిమ్మకాయల వ్యాపారం చేసేవారైనా, రైల్వేలో ఉద్యోగం చేసేవారైనా, కోట వైపు రొయ్యల గుంటలు ఉన్నవారైనా జవాబు ఇదే. అందులో తప్పేమీ లేదు. వయసు, సొత్తు, ఇంటి గుట్టు బయట చెప్పుకోకూడదని పెద్దలు అంటూనే ఉంటారు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెత మనందరికీ తెలిసిందే.

కానీ ఆ సామెత గుట్టు బయట పెట్టవద్దన్నది కానీ, ఇంట్లోవాళ్ల దగ్గర దాచమనలేదు. మనం ఈ రెండింటినీ కలిపేశాం. భర్త చేసిన అప్పు భార్యకు తెలియదు. భార్య వేస్తున్న చీటీ భర్తకు తెలియదు. పిల్లలకు మాత్రం రెండూ సగం సగం తెలుస్తాయి. తలుపు చాటున విన్న మాట, ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడిన మాట, రాత్రి తాము నిద్రపోయారనుకుని అమ్మానాన్నలు మాట్లాడుకున్న మాట. పిల్లలు అసలేమీ వినకపోయినా నష్టం లేదు, అంతా విన్నా నష్టం లేదు. సగం విన్నప్పుడే మిగిలిన సగాన్ని భయంతో నింపుకుంటారు.

టీచర్లకు ఇది తరగతి గదిలో కనిపిస్తుంది. ఎక్స్‌కర్షన్‌కు పేర్లు ఇమ్మన్నప్పుడు బాగా చదివే ఒక అమ్మాయి "నాకు ఇంట్రెస్ట్ లేదు టీచర్" అంది. తర్వాత వాళ్ల అమ్మగారు వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఇల్లు కట్టుకోవడానికి తీసుకున్న బ్యాంకు లోను గురించి ఇంట్లో వాదన జరిగింది, పాప అది విన్నది. ఎక్స్‌కర్షన్ డబ్బులు కట్టలేని ఇల్లు కాదది. ఇంటి లోను అంటే ఏమిటో, ఎన్నేళ్లు కడతారో ఎవరూ చెప్పలేదు కాబట్టి, ఇల్లు పోతుందేమోనని ఆ పాప అనుకుంది. రెండు నెలలుగా తన ఖర్చు తానే తగ్గించుకుంటూ వచ్చింది. కొత్త నోటుబుక్కు కూడా అడగలేదట.

దీనికి ఎదురు రకం పిల్లలూ ఉన్నారు. నాన్న ఫోన్ స్కాన్ చేస్తే డబ్బు వెళ్తుంది, అంతే. ఎక్కడినుంచి వెళ్తుందో, ఎంత మిగిలిందో వాళ్లకు కనిపించదు. మన చిన్నప్పుడు బీరువాలో నోట్లు తగ్గుతుంటే కళ్లకు కనిపించేవి. ఇప్పుడు ఆ చూపు కూడా లేదు.

డబ్బు గురించి నలుగురిలో నోరు విప్పడం మనకు అలవాటు లేని పని అనుకుంటాం. నిజానికి ఆ పని పెద్ద ఎత్తున మొదలైన చోట్లలో మన ప్రాంతం ముందుంది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిపేదాకా గూడూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ నెల్లూరు జిల్లాలో, కలిగిరి దగ్గర దూబగుంట అనే పల్లెలో, 1990ల మొదట్లో ఆడవాళ్లు రాత్రిబడికి వెళ్లి అక్షరాలు దిద్దారు. సారాయి వల్ల ఇళ్లు ఎలా గుల్లవుతున్నాయో బడిలోనే మాట్లాడుకున్నారు. 1992లో ఊరి సారాయి దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది, సారాయి వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాయి నిషేధం వచ్చింది.

మనకు కావలసిన సంగతి ఆ తర్వాతది. సారాయికి పోయే డబ్బు మిగిలింది కదా, దాన్ని ఏం చేయాలి? రోజుకు ఒక రూపాయి దాచుదాం అన్నారు. పొదుపు లక్ష్మి అని పేరు పెట్టుకున్నారు. రోజుకు రూపాయి అంటే నెలకు 30 రూపాయలు. 15 మంది ఉన్న సంఘానికి నెలకు 450, ఏడాదికి 5,400. ఆ రోజుల్లో కూలి చేసుకునే ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అంతకుముందే 1982లో మొదలైన డ్వాక్రా పథకం, 1992లో నాబార్డు ప్రయోగంగా మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, 2000 నుంచి వెలుగు ప్రాజెక్టు, ఇవన్నీ ఈ పొదుపు సంఘాలకు తోడయ్యాయి. ఇప్పుడు పల్లెల్లో సెర్ప్, మన గూడూరులాంటి మున్సిపాలిటీల్లో మెప్మా ఆ సంఘాలను చూస్తున్నాయి. మీ ఇంట్లో అమ్మమ్మో, మేనత్తో, పనిలో సాయం చేసే అక్కో, ఎవరో ఒకరు ఏదో ఒక సంఘంలో ఉండే ఉంటారు.

ఆ సంఘం మీటింగులో ఏం జరుగుతుందో ఎప్పుడైనా కూర్చుని చూశారా? అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఈ నెల పొదుపు ఎంత, కంతు ఎంత, ఇంకా బాకీ ఎంత అని ఒక్కొక్కరిదీ పైకి చదువుతారు. అప్పు కావాలంటే ఎందుకో చెప్పాలి. పిల్లాడి ఫీజుకా, ఆస్పత్రికా, గేదెకా అని మిగతావాళ్లు అడుగుతారు. ఇద్దరికి ఒకేసారి కావాలంటే ఎవరిది ముందో అక్కడే తేల్చుకుంటారు. అన్నీ పుస్తకంలో రాస్తారు. సంఘాల్లో పంచసూత్రాలు అంటారు: క్రమం తప్పని మీటింగు, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు ఇచ్చుకోవడం, గడువుకు కట్టడం, లెక్కలు ఎప్పటికప్పుడు రాయడం. నన్నడిగితే వీటిలో ఐదోది పెద్దది. రాసినది అందరిముందూ చదివితే అనుమానానికి చోటుండదు.

మా ఎనిమిదో తరగతిలో ఒకసారి స్పోకెన్ ఇంగ్లిష్ కోసం "మా ఇంటి నెల ఖర్చు" మీద మాట్లాడమన్నాం. చాలామంది కరెంటు బిల్లు, కిరాణా దగ్గరే ఆగిపోయారు. అవి కూడా ఉజ్జాయింపే. ఒక బాబు పాల ఖర్చే మర్చిపోయాడు, వాళ్లింట్లో రోజుకు లీటరున్నర పాలు! ఒక అమ్మాయి మాత్రం కంతు ఎంత, ఇంకా ఎన్ని నెలలుంది, వడ్డీ ఎంత పడింది అన్నీ తడుముకోకుండా చెప్పింది. నాయనమ్మకు చూపు ఆనదు కాబట్టి సంఘం పాసుపుస్తకం చదివిపెట్టేది ఆ పాపేనట. ఆ చిన్న పనితోనే ఆమెకు డబ్బు అంటే భయం పోయింది, లెక్క వచ్చింది.

లెక్క అన్నాను కాబట్టి ఒక మాట. మన పిల్లలు గణితంలో సాధారణ వడ్డీ, చక్రవడ్డీ చేస్తారు. ఏడాదికి ఇంత శాతం అని పుస్తకంలో ఉంటుంది. ఇంట్లో మనం మాట్లాడేది మాత్రం "రెండు రూపాయల వడ్డీ", "మూడు రూపాయల వడ్డీ" అని. ఈ రెండూ ఒకటేనని చాలామంది పిల్లలకు తట్టదు. వందకు నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. 50,000 అప్పుకు రెండు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 12,000, మూడు రూపాయలైతే 18,000. అదే ఏడాదికి 9 శాతం లోను అంటే మన భాషలో ముప్పావలా వడ్డీ, ఏడాదికి 4,500. సంఘాలకు ఒకప్పుడు ఇచ్చిన పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. ఈ మార్పు ఒక్కటి మీ పిల్లలతో కూర్చుని చేయించండి. ఇంట్లోని నిజమైన అప్పుతో చేయిస్తే ఇంకా మంచిది. చెప్పలేకపోతే ఊహించిన అంకెతో చేయించినా సరే.

సంఘాలను పొగడటమే నా పని కాదు. అందరికీ తెలియడంలో ఒత్తిడి కూడా ఉంది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఇంటి గుమ్మం ముందు నిలబడతారు, అది అవమానం. ఈ ఒత్తిడినే వాడుకుని ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు పల్లెపల్లెకూ వచ్చాయి. ఒకే ఇంటికి రెండు మూడు కంపెనీలు అప్పులిచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసిన కుటుంబాలు ఎన్నో. వసూళ్ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వాటిని కట్టడి చేయాల్సి వచ్చింది. బయటికి చూస్తే అక్కడా గుంపు, ఇక్కడా గుంపే. కానీ సంఘంలో ఉండేది సభ్యుల సొంత పొదుపు, సొంత పుస్తకం. అక్కడ ఉండేది వసూలుకు వచ్చే మనిషి, అతని చేతిలోని కార్డు. పక్కింటామెకు మొత్తం ఎన్ని అప్పులున్నాయో ఆ గుంపులో కలిపి చూసిన పుస్తకం లేదు.

ఇప్పటి లోన్ యాప్‌లదీ ఇదే పద్ధతి, ఇంకాస్త చిన్న రూపంలో. ఐదు వేలో పది వేలో ఇస్తారు. ఫోన్లోని నంబర్లన్నీ లాగేసుకుంటారు. కట్టకపోతే "మీ వాళ్లందరికీ చెప్తాం" అని బెదిరిస్తారు. ఆ బెదిరింపుకు బలం ఎక్కడిది? ఇంట్లోవాళ్లకు తెలియదన్న నమ్మకంలోదే. ఇంట్లో ముందే తెలిసి ఉంటే ఆ ఫోన్‌కు సగం బలం పోతుంది. కాలేజీకి వెళ్లబోయే పిల్లలున్న ఇళ్లలో ఈ ఒక్క మాట తప్పకుండా చెప్పండి: "డబ్బు విషయంలో నువ్వు ఏం చేసినా ముందు మాకు చెప్పు, తర్వాత తిడతామో లేదో చూద్దాం." అలాంటి వేధింపు ఎదురైతే సైబర్ క్రైమ్ నంబరు 1930కు ఫోన్ చేయవచ్చు.

మరి ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? సంఘంవాళ్లు చేసేదే మనమూ చేయవచ్చు. నెలకు ఒకసారి, జీతం వచ్చిన మొదటి ఆదివారమో, వ్యాపారమైతే మీకు వీలైన రోజో, టిఫిన్ అయ్యాక ఒక అరగంట. ఒక మామూలు నోటుబుక్కు చాలు. ఎంత వచ్చింది, తప్పనిసరిగా ఎంత పోతుంది, అప్పుల కంతులు ఎంత, ఎంత మిగులుతుంది. రాసే పని పెద్ద పిల్లలకు ఇవ్వండి. మూడో తరగతి పిల్లలకు మొత్తం ఆదాయం చెప్పనవసరం లేదు. కూరగాయలకు, పాలకు, కరెంటుకు ఎంత అయిందో చెబితే చాలు. ఎనిమిది, తొమ్మిది దాటినవాళ్లకు అప్పు సంగతి కూడా చెప్పవచ్చు, ఎప్పటికి తీరుతుందో కలిపి. తీరే తేదీ చెప్పకుండా అప్పు మాత్రం చెప్పడం పిల్లల నెత్తిన బరువు పెట్టడమే. ఎక్స్‌కర్షన్‌కు రానన్న ఆ పాపకు తెలియాల్సింది కూడా ఆ తేదీ ఒక్కటే.

ఆ అరగంటలో ఎవరినీ తిట్టకూడదు. ఇది కష్టమే, ముఖ్యంగా నాన్నలకు. పోయిన నెల బట్టలకు ఎక్కువైందని అక్కడ గొడవ మొదలైతే, వచ్చే నెల ఎవరూ నిజం చెప్పరు.

ఫీజు సంగతి మేమే రాయడం కొంచెం ఇబ్బందే, అయినా రాస్తున్నాను. టర్మ్ ఫీజు ఎంతో, ఎప్పుడు కట్టాలో పిల్లలకు తెలియనివ్వండి, మిగతా ఖర్చులతో పాటు ఆ పుస్తకంలో ఒక వరుసగా. "నీ మీద ఇంత పోస్తున్నాం, మార్కులు ఇవేనా" అన్న వాక్యంలో మాత్రం ఆ అంకెను వాడకండి. అలా విన్న పిల్లలు పరీక్ష హాల్లో ప్రశ్నను చూడరు, ఫీజును చూస్తారు. పేపర్లు దిద్దేటప్పుడు మాకు అది తెలుస్తుంది, కొట్టివేతలు పెరుగుతాయి. ఒక టర్మ్‌లో డబ్బు సర్దుబాటు కాకపోతే గడువు దాటాక కాకుండా ముందే వచ్చి ఆఫీసులో మాట్లాడండి. ఆ మాట పిల్లల చేత చెప్పించకండి.

పిల్లలు అడిగే ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. "మనం బీదవాళ్లమా?" అని తప్పకుండా అడుగుతారు. అవునో కాదో చెప్పే ముందు పుస్తకం తెరిచి, వచ్చింది, పోయింది, మిగిలింది చూపించండి. "మా ఫ్రెండు వాళ్ల నాన్నకు ఎంత వస్తుంది?" అని కూడా అడుగుతారు. అది వాళ్లింటి లెక్క, మనం అడగకూడదు అని చెప్పండి. మన లెక్క బడిలో, ఆటోలో, వ్యాన్‌లో చెప్పకూడదని కూడా అప్పుడే చెప్పవచ్చు. ఏటీఎం పిన్, యూపీఐ పిన్, ఓటీపీ మాత్రం ఆ నోటుబుక్కులో ఎక్కడా రాయకండి.