ఒళ్లు తగ్గించు పొడులు: పెట్టిన రూకలకు ఫలమున్నదా?

ఎరువు సంచి కొనునపుడు మన రైతు దాని ముద్ర చూచును, తూకము చూచును, నిరుడు వాడిన పొరుగువానిని విచారించును. అట్టి రైతే ఒళ్లు తగ్గించు పొడి డబ్బాను కేవలము చుట్టపుమాట మీద కొనుచున్నాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములలో ఇట్టి పొడులు, మాత్రలు పల్లెలకు సైతము వచ్చినవి. వీనిపై పెట్టు ధనము సద్వినియోగమగునా యని సభ్యులు మమ్ము అడుగుచున్నారు. మాకు తెలిసినంత వివరించుచున్నాము.

ఈ మెట్ట ప్రాంతమున ఒకప్పుడు జొన్నరొట్టె, గటక, అంబలి నిత్యాహారము. పాలమూరు కూలీలు మట్టిపనికై దూరదేశములకు పోయినవారు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలబడెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యము పంచు పథకము ప్రారంభమయ్యెను. అన్నము దొరకుట మేలే. దానిని తప్పుపట్టుట మా ఉద్దేశము గాదు. కాని దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము, పొలమునకు పోవుటకు మోటారుసైకిలు వచ్చినవి. పని తగ్గినది, పళ్లెములోని అన్నము తగ్గలేదు. పొట్ట పెరుగుటకు ముఖ్యకారణమిదియే.

అయినను అందరికిని బరువు తగ్గవలసిన అవసరము లేదు. 160 సెంటీమీటర్ల ఎత్తుగలవారు సుమారు 59 కిలోలు దాటినచో అధిక బరువనియు, 64 కిలోలు దాటినచో స్థూలకాయమనియు మనదేశపు వైద్యులు లెక్కింతురు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఈ హద్దులోపల నున్నవారు పొడి కొనుట ఎండిన చేనికి కలుపుమందు కొట్టుట వంటిది.

ఇక పొడి పనిచేయునా? క్రొత్త ఎరువు గుణము తెలియగోరు రైతు సగము చేనికి దానిని వేసి, సగము వేయక విడుచును. తక్కిన సేద్యమంతయు రెండింటికి సమానముగ చేయును. వైద్యులును అట్లే చేయుదురు. కేరళమున చేపల పులుసులో వేయు మలబారు చింత సారము అనేక డబ్బాలపై గార్సీనియా యను పేర కానవచ్చును. 1998లో అమెరికాలో 135 మందిపై దీనిని పరీక్షించిరి. ఒక జట్టుకు సారము, వేరొక జట్టుకు ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి, ఇరువురికిని మితాహారమే పెట్టిరి. 12 వారముల పిమ్మట సారము తినినవారు సగటున 3.2 కిలోలు, ఉత్తుత్తి మాత్రలవారు 4.1 కిలోలు తగ్గిరి. తగ్గించినది మితాహారమే గాని మాత్ర గాదని దీనివలన స్పష్టము.

అయినచో పొరుగింటివారు నిజముగనే తగ్గిరి గదా యని కొందరందురు. నిజమే. అమ్మువారు పొడితోపాటు రాత్రి అన్నము మానుమని, ప్రొద్దున నడువుమని చెప్పుదురు. అన్నము మానుటయు నడకయు పనిచేయును. పేరు మాత్రము డబ్బాకు వచ్చును. కొన్ని పొడులలో సునాముఖి వంటి విరేచనపు ఆకులుండును. వానివలన మొదటి వారమున తూకము తగ్గును. కాని పోయినది నీరు, క్రొవ్వు గాదు. ఎండలో పనిచేయు మనవారికి దేహమందలి నీరు పోవుట ప్రమాదకరము.

ఇంతకంటె పెద్ద అపాయములును కలవు. 1933 ప్రాంతమున అమెరికాలో డైనైట్రోఫినాల్ అను రసాయనమును ఒళ్లు తగ్గుటకు వాడిరి. బరువు తగ్గెను, కాని కొందరి కన్నులకు శుక్లములు పట్టెను, కొందరు మరణించిరి. 1938లో క్రొత్త చట్టము వచ్చిన తరువాత దాని అమ్మకమును ఆపిరి. సిబుట్రమిన్ అను మందు గుండెపోటును, పక్షవాతమును కలిగించు భయమున్నదని తేలగా మన ప్రభుత్వము 2011 ఫిబ్రవరిలో నిషేధించెను. పిమ్మటగూడ మూలికామందులని అమ్మిన సరుకులలో ఇది చెప్పక కలుపబడియుండుట పలుదేశములలో బయటపడినది. మధుమేహము, రక్తపుపోటు గలవారు పొడిని నమ్మి మాత్రలు మానుట ఎన్నడును తగదు.

డబ్బాపై ఆహారశాఖవారి 14 అంకెల సంఖ్య యున్నది గదా యని మోసపోరాదు. అది అమ్ముటకు అనుమతియే గాని గుణమునకు సాక్ష్యము గాదు. స్థూలకాయమును నయముచేయునని మందును ప్రకటించుట 1954 నాటి చట్టమువలన నేరము. సభ్యులను చేర్చినకొలది లాభమను గొలుసు పథకములను 2021 డిసెంబరు నాటి కేంద్ర నియమములు నిషేధించినవి. మోసపోయినవారు 1915 సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు చేయవచ్చును.

ఖర్చు లెక్క చూతము. నెలకు 2,000 రూపాయల డబ్బా యనుకొన్నచో ఆరునెలలకు 12,000 అగును. 2025 జనవరిలో ప్రారంభమైన రైతు భరోసా పథకమున ఒక ఎకరమునకు ఏడాదికి నిర్ణయించిన మొత్తము ఇదియే. ఎకరపు సాయమును డబ్బాలో పోసి త్రాగుటకు మన మనస్సు ఒప్పునా? పంటకై తెచ్చిన అప్పులోనుండి తీయుట మరింత అనర్థము.

ఖర్చులేని మార్గమున్నది. ఒక కిలో క్రొవ్వులో సుమారు 7,700 కాలరీల శక్తి యుండును; 100 గ్రాముల బియ్యమున సుమారు 350. దినమునకు ఆపాటి బియ్యపు అన్నము తగ్గించినచో, లెక్క ప్రకారము 22 దినములకు కిలో క్రొవ్వు కరగవలెను. దేహము సర్దుకొనునుగాన ఆచరణలో మరికొంత కాలము పట్టును. ఆ లోటున పప్పు, ఉలవలు, ఆకుకూర, మజ్జిగ పెంచవలెను. చక్కెర టీ, సీసాలలోని తీపినీరు మానవలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు సైతము 2024 నాటి తమ సూచనలలో కండలు పెంచుకొనుటకై ప్రొటీను పొడుల జోలికి పోవలదనియే చెప్పిరి. అధిక స్థూలకాయము గలవారికి నిజముగ పనిచేయు మందులు కొన్ని కలవు. కాని అవి వైద్యుని చీటీపై వాడవలసినవి, ఇంటింట అమ్మునవి గావు.

అమ్మవచ్చినవారు మనవారే యగుటచే కాదనుట కష్టమని మేమెరుగుదుము. వారిని కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చి పంపవచ్చును; పైకము మాత్రము ఈయనక్కరలేదు. పొలముగట్టు వరకు బండి విడిచి నడచిపోవుటకు ఎవ్వరికిని పైసా చెల్లింప పనిలేదు.