అంగారకుని వార్త విన్న చెవులు

అశ్వారావుపేట వంటి అడవి అంచు ఊళ్లలో మనము ఎఫ్.ఎం. ప్రసారము వినునప్పుడు, గుట్ట అడ్డువచ్చినచో స్వరము సన్నగిల్లును. ఆ తరంగములు సూటిగా పోవుటయే అందుకు కారణము. అంగారకుని వార్త వినగోరువారికి భూగోళమే అట్టి గుట్ట.

2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి మన మంగళయాన్ బయలుదేరినది. దాని పలుకు వినుటకు బెంగళూరు సమీపమున బ్యాలాలులో 32 మీటర్ల ఆంటెన్నా కలదు. 2014 సెప్టెంబరు 24 ఉదయమున నౌక అంగారక కక్ష్యలో ప్రవేశింపవలసియుండెను. సంకేతము ఇచటికి చేరుటకే 12 నిమిషములకు పైగా పట్టును; కావున ఆజ్ఞలన్నియు ముందే పంపియుండిరి. ఇంజను మండుచుండగనే నౌక గ్రహము చాటున మరుగైనది. అది తిరిగి కనబడు వేళకు మన దేశమున అంగారకుడింకను ఉదయింపలేదు!

ఆ శుభవార్తను అమెరికా సంస్థ నాసాకు చెందిన ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా కేంద్రము విని మనకు అందించినది. గోల్డ్‌స్టోన్, మాడ్రిడ్ కేంద్రములును ఆ యాత్రకు తోడ్పడినవి. ఆరు దినములకే, సెప్టెంబరు 30న, అంగారక పరిశోధనకై ఉభయదేశములు సంయుక్త బృందము నేర్పరచుకొన్నవి.

2022లో మంగళయాన్‌తో సంబంధము తెగినది. రాకెట్టును ఒక్క దేశమే పంపవచ్చును. రేయింబవళ్లు దాని మాట వినుటకు మాత్రము భూమి నలుదెసల చెవులు కావలెను.