పాత హార్మోనియం కొనబోయే ముందు

పశువుల సంతలో ఎద్దును కొనేటప్పుడు మా నాన్న దాని రంగు చూడరు. నోరు తెరిపించి పళ్ళు చూస్తారు, నాలుగడుగులు నడిపిస్తారు, వీలైతే మెడమీద కాడి పెట్టి చూస్తారు. అంతటి మనిషి మూడేళ్ళ క్రితం మా చెల్లికి పాత హార్మోనియం కొనబోయి, పెట్టెకు కొట్టిన పాలిష్ చూసి మోసపోయారు. పక్కన నేనూ వున్నాను. ఫిజిక్సులో మంచి మార్కులు తెచ్చుకున్న కుర్రాణ్ణి కాబట్టి నా తప్పు ఇంకా పెద్దది.

చెల్లికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆదివారాలు బస్సెక్కి టౌనుకు వెళ్ళి ఒక టీచరుగారి దగ్గర సంగీతం నేర్చుకునేది. ఇంట్లో శ్రుతికి ఏదో ఒక ఆధారం వుండాలని ఆవిడ చెబితే, మినుములమ్మిన డబ్బులోంచి 6,000 రూపాయలు తీసి ఆ పెట్టె తెచ్చాం. అయిదు శ్రుతిలో సరళీ స్వరాలు రోజూ సాధన చేసేది. ఆర్నెల్లు గడిచేసరికి టీచరుగారిది ఒకటే మాట: “గాంధారం కిందికి జారుతోందమ్మా.” ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అక్కడికే. ఒకరోజు చెల్లి ఏడుస్తూ, “మా పెట్టెలో అలాగే వుంది టీచర్” అంది. నిజంగానే అలాగే వుంది. పెద్దవాళ్ళకైతే అపస్వరం అపస్వరంలా వినిపిస్తుంది. పసిపిల్లకు పెట్టె చెప్పిందే స్వరం.

అమ్మినాయన దగ్గరికి వెళ్తే, పాత సరుకు, వాపసు లేదన్నాడు. చివరికి రిపేరు చేసే ఒక ముసలాయన పెట్టె విప్పి నాకు చూపించాడు. హార్మోనియంలో తీగలుండవు. ప్రతి మెట్టుకూ ఒక ఇత్తడి నాలుక, అదే రీడు, సన్నటి సందుమీద బిగించి వుంటుంది. మెట్టు నొక్కితే కింది రంధ్రం తెరుచుకుని, తిత్తిలోని గాలి ఆ సందులోంచి పోతూ నాలుకను ఆడిస్తుంది. సెకండుకు ఎన్నిసార్లు ఆడాలన్నది దాని పొడవూ మందమూ నిర్ణయిస్తాయి. కొస దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. అయిదు శ్రుతికి అంతర గాంధారం ఏడు శ్రుతి మెట్టుమీద పడుతుంది. మా పెట్టెలో సరిగ్గా ఆ రీడు మొదట్లోనే వెంట్రుకవాసి పగులు. మొదలు బలహీనపడింది, స్వరం జారింది. ఇందులో నాకు తెలియని సూత్రమేమీ లేదు. పరీక్షలో రాశాను కూడా!

ఇక్కడ ఒక చిక్కుంది. మంచి హార్మోనియంలో కూడా గాంధారం నూటికి నూరుపాళ్ళు శుద్ధంగా వుండదు. స్థాయిని 12 సమాన భాగాలు చేయడం వల్ల, షడ్జమం 240 అయితే 300 వుండవలసిన గాంధారం 302.4 దగ్గర పలుకుతుంది. పంచమం మాత్రం 360కి బదులు 359.6, అంటే తేడా తెలియనంత. గమకం పలకదు, స్వరస్థానాలు కదలవు అనే ఇలాంటి అభ్యంతరాలతోనే 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని వెలివేసింది; 1971లో గానీ ఆ పట్టు కొంత సడలలేదు. 1842లో పారిస్‌లో దెబాఁ అనే ఆయన పేటెంటు తీసుకున్న వాయిద్యం మన పద్యనాటకాలకు ప్రాణమైపోయిందంటే దాని బలం దానికుంది. కానీ పిల్లలకు సంగీతం నేర్పే ఇంట్లో దాన్ని షడ్జమ పంచమాల ఆధారంగా వాడుకోవాలిగానీ, ప్రతి స్వరానికీ గురువుగా పెట్టుకోకూడదని నా అభిప్రాయం. మేము చేసిన రెండో తప్పు అదే.

ఈ సంక్రాంతి సెలవుల్లో మా పిన్ని కొడుక్కి పెట్టె కావలసివచ్చింది. ఈసారి పళ్ళు చూశాం.

మొదట గాలి. తిత్తి నిండా గాలి పట్టించి, ఊదడం ఆపి, ఒక్క మెట్టు నొక్కి పట్టుకుని అంకెలు లెక్కపెట్టాను. మొదటి పెట్టె ఆరు దాటకముందే చతికిలబడింది. రెండోది ఇరవై దాకా వెళ్ళింది. తర్వాత ఏ మెట్టూ నొక్కకుండా స్టాపర్లన్నీ లాగి ఊదాను. మొదటి పెట్టెలో ఏదో స్వరం సన్నగా మూలిగింది. మెట్టు కింద తోలు ఎండిపోయినా, స్ప్రింగు చచ్చినా అలా జరుగుతుంది. ఎలుకలు తోలు కొరికినా అంతే.

అమ్మేవాళ్ళు తప్పకుండా ఒక పాట వాయించి చూపిస్తారు. హాయిగా వినండి, కానీ దాన్నిబట్టి బేరమాడకండి. ఆ పాటలో రాని మెట్లేవో అవి నొక్కాలి. తెల్లవీ నల్లవీ ఒక్కటీ వదలకుండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా, తక్కువ గాలితో, మెల్లగా. కొన్ని రీడ్లు గట్టిగా ఊదితే పలుకుతాయి, మెల్లగా ఊదితే నోరెత్తవు.

రెండు వరుసల రీడ్లున్న పెట్టెల్లో మంద్ర స్వరమూ దాని పై స్థాయి స్వరమూ కలిసి మోగుతాయి. కిందిది 220, పైది 440 వుండాలి. పైది 441 వుంటే సెకండుకొకసారి ధ్వని ఎగసి పడుతుంది. లాబ్‌లో మనం విని లెక్కపెట్టే విస్పందనాలు అవే. అంచేత చెవి చాలు. నేను అతితెలివికి పోయి, లెక్చరరుగారి అనుమతితో 256 శ్రుతిదండం పట్టుకెళ్ళి పెట్టెలన్నీ తప్పని తేల్చాను. ఈ రోజుల్లో ఒకటి శ్రుతిని సుమారు 261.6కి కడతారని రిపేరు ముసలాయన కొడుకు సెల్‌ఫోన్లో చూపించాకగానీ తెలియలేదు.

చివరికి మూత విప్పించి చూశాం. రీడ్లమీద మిలమిలా మెరిసే గీతలు ఎక్కువుంటే వాటిని చాలాసార్లు గీకినట్టు లెక్క. రాత్రంతా రాయబారం వాయించిన నాటకాల పెట్టెలు గొంతు పెద్దవి, కానీ అలసిపోయి వుంటాయి. మెట్ల బిళ్ళలు పసుపెక్కినా, పాలిష్ పోయినా పట్టించుకోనక్కరలేదు. స్కేల్ ఛేంజర్ వున్న పెద్ద పెట్టె గొప్పగా కనిపిస్తుందిగానీ, పాతదైతే చెడిపోయే భాగాలూ ఎక్కువే. పైగా కుర్రవాడి చెయ్యి తిత్తిదాకా అందాలి.

అలా మూడింటిలోకీ చూడ్డానికి అధ్వాన్నంగా వున్న రెండో పెట్టెనే తీసుకున్నాం. డబ్బిచ్చేముందు చెల్లిని ఒకసారి వాయించమన్నాను. తన గాంధారం దారికి రావడానికి నాలుగు నెలలు పట్టింది మరి. కళ్ళు మూసుకుని అన్ని మెట్లూ నొక్కుకుంటూ వెళ్ళి, ఏడు శ్రుతి దగ్గర ఆగి, దాన్ని మాత్రం రెండుసార్లు నొక్కి చూసింది.