వార్తల్లో పదం: అసింక్రనస్ కమ్యూనికేషన్

ఒకరు పంపిన సందేశానికి అవతలివారు అప్పటికప్పుడు కాక, తమ పనివేళల్లో చూసుకుని బదులివ్వడమే అసింక్రనస్ కమ్యూనికేషన్. ఈమెయిల్, షేర్డ్ డాక్యుమెంట్, టాస్క్ బోర్డు, రికార్డు చేసిన వీడియో దీని సాధనాలు. ఫోన్ కాల్, జూమ్ మీటింగ్ ఈ కోవలోకి రావు.

ఎందుకు వార్తల్లోకి?

ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళలకు, పెద్దఎత్తున ప్రోత్సహిస్తామని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు 2025 ఫిబ్రవరి 11న ప్రకటించారు. రాష్ట్ర ‘ఐటీ, జీసీసీ (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల) పాలసీ 4.0’ మండలాల్లోనూ కార్యాలయ వసతికి ప్రోత్సాహం ఇస్తుంది. అంటే ఇంటి నుంచి పని 2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలకు, ఆ జిల్లాలోని ఆళ్లగడ్డకూ సంబంధించిన మాటే.

చిక్కెక్కడ?

అమెరికా బృందాలతో కలిసి పనిచేసేవారికి వేళలు కుదరవు. వేసవిలో నంద్యాలలో సాయంత్రం ఆరున్నర అయితే న్యూయార్క్‌లో ఉదయం 9, కాలిఫోర్నియాలో 6 గంటలు. ప్రతి విషయానికీ మీటింగ్ పెడితే ఇక్కడివారికి జాగరణే.

ఎలా పనిచేస్తుంది?

ఆళ్లగడ్డలోని సాఫ్ట్‌వేర్ టెస్టర్ పని ముగించేముందు ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, ఎవరు ఎప్పటిలోగా ఏం తేల్చాలి అన్నది స్క్రీన్‌షాట్‌తో రాసిపెడతారు. అమెరికా బృందం తన ఉదయాన పనిని అక్కడి నుంచే అందుకుంటుంది. ‘చూశారా?’ అని మాత్రమే పంపితే ఒక రోజు వృథా. ఆఫీసులే లేకుండా నడిచే గిట్‌ల్యాబ్ సంస్థ తన పని నియమాలను హ్యాండ్‌బుక్‌గా రాసి, అందరికీ అందుబాటులో ఉంచింది.

పరిమితులు

సర్వర్ ఆగిపోయినా, మనస్పర్థలు వచ్చినా ఫోన్ చేయాల్సిందే. కొత్తగా చేరినవారికీ ముఖాముఖి మాటలు కావాలి. బదులుకు గడువు ముందే ఖరారు చేసుకోకపోతే పని పెండింగులో పడుతుంది.