గోడ అవతలే బడి... దారే దూరం!

బాల్కనీలో నిలబడితే పిల్లాడి బడి కనిపిస్తుంది. మధ్యలో ఉన్నదల్లా ఓ ప్రహరీగోడ. అయినా వెళ్లాలంటే గేటు దాటి, మెయిన్‌రోడ్డెక్కి, యూటర్న్‌ తీసుకుని చుట్టూ తిరగాల్సిందే! హైదరాబాద్‌ పడమటివైపు గేటెడ్‌ కాలనీల్లో చాలామందికి ఇది రోజూ ఉండే తిప్పలే.

ఇదే ఊళ్లో 1591లో చార్మినార్‌ని కట్టింది నాలుగు దారులు కలిసేచోట. అలాగని పాతబస్తీలో మూసుకుపోయే గల్లీలు లేవని కాదు. కానీ కొత్త వెంచర్లలో దారి మూసి ఉండటమే గొప్ప... ఒకటే గేటు, ఒకటే దారి. పక్క లేఅవుట్‌ రోడ్డుతో కలిపితే బయటి బళ్లు వస్తాయని భయం. దాంతో అందరి కార్లూ ఒకే మెయిన్‌రోడ్డు మీదికి!

ఈ జబ్బు మన ఒక్క ఊరిదే కాదు. ప్రపంచవ్యాప్తంగా వీధుల పటాలను పరిశీలించిన క్రిస్టఫర్‌ బారింగ్టన్‌-లీ, ఆడమ్‌ మిలార్డ్‌-బాల్‌ 1975 నుంచీ కొత్త వీధుల మధ్య కలయిక తగ్గుతూ వస్తోందని 2020లో తేల్చారు.

ఇల్లయితే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. వీధి ఒకసారి పడితే తరాలపాటు అక్కడే ఉంటుంది. హైదరాబాద్‌లో 2020లో లింకురోడ్ల పని మొదలుపెట్టారు. లేఅవుట్‌ నాడు కాగితం మీద ఓ గీతతో పోయేదానికి ఇప్పుడు ఇళ్ల మధ్య స్థలం సేకరించాల్సి వస్తోంది.